బావగారికి, మొడెనా నుంచి

మొడెనా, రాత్రి

బావగారికి,

ఢిల్లీ డీలరు పంపిన ఫొటోలు నాకు పంపించి, ఎలా ఉందని అడిగారు. ఎర్రగా ఉంది. ఫొటోలో అంతకుమించి తెలిసేదేం లేదు. అయితే ఫెరారీలు పుట్టిన గడ్డ మీద తిరుగుతూ ఇంత పొడి జవాబిస్తే అక్క నన్ను బతకనివ్వదు కనుక, బస్సుకీ రైలుకీ మధ్య దొరికిన తీరికలో ముక్కలు ముక్కలుగా రాస్తాను. నవంబరు పొగమంచు పో నది మైదానాన్ని కప్పేసింది. చర్చి గంట వినపడుతుంది గానీ చర్చి కనపడదు. పైగా జలుబు, ముక్కు దిబ్బడ. కాబట్టి ఈ ఉత్తరాల్లో చూసినవాటికన్నా ఆలోచించినవే ఎక్కువుంటే సర్దుకోండి.

నేను చెప్పబోయేది ఒకటే. సూపర్‌కారు కొన్నవాడికి దాన్ని వాడుకునే వీలు, వాకిట్లో ఉన్న ఇన్నోవాని వాడుకునే వీలులో పదో వంతు కూడా ఉండదు. నడిపితే ధర పడిపోతుంది, నడపకపోతే బండి పాడవుతుంది, నడిపిన ఆ కాస్త దూరంలోనూ దాని అసలు సత్తా బయటపెట్టే చోటు రోడ్డు మీద లేదు. అలాగని అందులో ఆనందం లేదనను. ఉంది. కానీ కంపెనీలు అమ్ముతున్నది ఆ ఆనందాన్ని కాదు, అంకెల్ని.

ముందు వేగం సంగతి. మీరు చూస్తున్న ఫెరారీ 458 ఇటాలియా 570 హార్స్‌పవర్ బండి. నిలబడ్డ చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 3.4 సెకన్లు చాలు. ఆపైన 325 దాకా పోగలదు. ఏడు గేర్లలో రెండోది పూర్తవకముందే 100 దాటేస్తుంది. ఇక్కడ మోటారు మార్గాల మీద పరిమితి 130, మామూలు రోడ్ల మీద 90, ఊళ్ళో 50. పక్కనున్న బొలొన్యా నగరం 2024 జనవరిలో చాలా వీధుల్ని 30కి దించేసింది. మోటారు మార్గాల మీద ‘ట్యూటర్’ అనే ఏర్పాటు ఒకటుంది. రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరానికి పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం తేలుస్తుంది. కెమెరా కనపడగానే బ్రేకు తొక్కి, దాటగానే మళ్ళీ లంకించుకునే మన ఎత్తు దాని దగ్గర పారదు. 1987 నాటి ఫెరారీ ఎఫ్40కి 478 హార్స్‌పవర్. 2021లో వచ్చిన 296 జీటీబీకి 830. బండి శక్తి అంత పెరిగిన ఈ కాలంలో దాన్ని ఖర్చుపెట్టుకునే చోటు ఇంకా కుంచించుకుపోయింది. బుగాటి వేరాన్ సంగతి మరీ విచిత్రం. 407 కిలోమీటర్ల వేగంతో పోతే 100 లీటర్ల ట్యాంకు సుమారు 12 నిమిషాల్లో ఖాళీ. ఆ వేగాన్ని అందుకోవడానికి తగినంత పొడుగు తిన్నటి దారి దొరికితే కదా, ట్యాంకు గురించి బెంగపడటానికి.

వాడినా వాడకపోయినా ఆ శక్తికి పన్ను మాత్రం తప్పదు. ఇటలీలో దాన్ని సూపర్‌బొల్లో అంటారు. 2012 నుంచి 185 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాటుకూ ఏడాదికి 20 యూరోలు, మామూలు రోడ్డు పన్నుకు అదనం. 458 సుమారు 420 కిలోవాట్ల బండి కనుక, కొత్తగా ఉన్నప్పుడు దాని యజమాని ఏటా 4,700 యూరోల దాకా కట్టాల్సి వచ్చేది. బండి వయసు ఐదేళ్ళు దాటాక ఈ పన్ను మెట్టుమెట్టుగా తగ్గుతుంది. మన దగ్గర పాండిచ్చేరి నంబరు ప్లేట్లతో తిరిగే ఖరీదైన బళ్ళు ఎందుకు అన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకవేళ ఢిల్లీ బండి కొన్నా, పన్నెండు నెలలు దాటి మన రాష్ట్రంలో ఉంచాలంటే మళ్ళీ రిజిస్ట్రేషను తప్పదు, ఆ లెక్క కూడా చూసుకోండి.

రాత్రి భోజనానికి గ్నోక్కో ఫ్రిత్తో తిన్నాను, పిండిని పొంగేలా వేయించి పెడతారు. సంప్రదాయంగా వేయించేది పంది కొవ్వులో. ఈ వాక్యం అమ్మకి చదివి వినిపించకండి.

మరనెల్లో, మధ్యాహ్నం

మీ మెసేజీ చూశాను. “నువ్వు కొనలేవు గనక పుల్లగా ఉన్నాయంటున్నావు” అన్నారు. కొనలేను, నిజమే. అందుకే నా మాట పక్కనపెట్టి, కొన్నవాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. సెకండ్ హ్యాండు సూపర్‌కారు ప్రకటన ఏది తీసినా మోడలు, ఏడాది తర్వాత గొప్పగా వేసేది తిరిగిన కిలోమీటర్ల సంఖ్యే, అదీ ఎంత తక్కువైతే అంత గొప్ప. ఒకే ఏడాదివి, ఒకే రంగువి రెండు బళ్ళుంటే తక్కువ తిరిగినదానికే ధర ఎక్కువ. అంటే షికారుకు బయల్దేరిన ప్రతిసారీ పెట్రోలుతోపాటు బండి విలువలోనూ కొంత కాలిపోతుంది. మీ మిల్లు లారీకి కూడా తరుగుదల ఉంటుంది, కాదనను. కానీ లారీ తిరిగితే కిరాయి వస్తుంది. ఇక్కడ యజమానికీ అతని ఆనందానికీ మధ్య ఓడోమీటరు కూర్చుంటుంది.

పోనీ, షెడ్డులో పెట్టి చూసుకుంటూ ఉందామంటే యంత్రం ఊరుకోదు. నిలిపి ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది, అందుకే ఫెరారీతోపాటు చార్జరు కూడా ఇచ్చి, నిలిపినప్పుడల్లా తగిలించి ఉంచమంటారు. టైర్ల రబ్బరు తిరగకపోయినా వయసుతో గట్టిపడుతుంది. సీళ్ళు ఎండుతాయి, పెట్రోలు పాతబడుతుంది. 1994లో వచ్చిన ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలి, అదీ కిలోమీటర్లతో పని లేకుండా కొన్నేళ్ళకోసారి. మీరు చూసే 458లో బెల్టుకు బదులు చెయిను ఉంది, ఆ బాధ తప్పింది. కార్బన్ సిరామిక్ బ్రేకులు నాలుగు చక్రాలకీ మార్చాల్సి వస్తే మాత్రం ఆ బిల్లుతో మన దగ్గర కొత్త మారుతి వస్తుంది. భీమవరం మనిషి కదా, మీకు పందెం పుంజు సంగతి తెలుసు: ఏడాది పొడుగునా బాదంపప్పులు మేపేది బరిలో కొన్ని నిమిషాల కోసం. దానికి సంక్రాంతి అయినా వస్తుంది. ఈ పుంజుకి బరి ఎక్కడ?

“ట్రాక్ ఉంది కదా” అంటారు మీరు. ఇది బలమైన అభ్యంతరమే. ఇక్కడ ఫెరారీకి 1972లో కట్టిన ఫియొరానో ట్రాక్ ఫ్యాక్టరీ పక్కనే ఉంది, చుట్టు మూడు కిలోమీటర్లు. మనకి దగ్గర్లో అంటే చెన్నై బయట ఇరుంగాట్టుకోట్టై, తర్వాత కోయంబత్తూరు, ఆపైన గ్రేటర్ నోయిడా. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగిన వీధులు మళ్ళీ మామూలు ట్రాఫిక్‌కే వెళ్ళిపోయాయి. భీమవరం నుంచి చెన్నై దాకా లారీ మీద ఎక్కించుకు వెళ్ళి, పూట సరదాకి టైర్లూ బ్రేకులూ అరగదీసి, బీమా పాలసీల్లో చాలావాటికి ట్రాక్ మీద జరిగే నష్టం పట్టదని గుర్తుపెట్టుకుని, మళ్ళీ లారీ మీద తెచ్చుకోవడం. ఇంత చేస్తే ఆ బండి సత్తా నిజంగా చూడొచ్చు, ఒప్పుకుంటాను. అయితే ట్రాక్ కోసమే అయితే బండి కొనడమెందుకు? అద్దెకి దొరుకుతుంది. ఈ ఊళ్ళో ఫెరారీ మ్యూజియం చుట్టుపక్కల వీధి నిండా అద్దె దుకాణాలే, పది పదిహేను నిమిషాలకి వంద యూరోల పైమాట.

ఇక దారి సంగతి. మన రోడ్ల నిబంధనల ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఈ జాతి బళ్ళ పొట్టకీ నేలకీ మధ్య ఖాళీ పది పన్నెండు సెంటీమీటర్లు. నిబంధన ప్రకారం కడితే ముక్కు ఎత్తే మీట నొక్కి, ఓ నాలుగు సెంటీమీటర్లు లేపుకుని దాటొచ్చు. మీ వీధి చివర పంచాయతీ వాళ్ళు వేసినదాన్ని ఏ నిబంధన చూసి వేశారో మీరే కనుక్కోండి.

సాంతాగాతా బొలొన్యేజే, సాయంత్రం

ఈ రోజు వాన. గొంతు బొంగురుపోయింది. మన చిన్ని పరీక్షలు బాగా రాసిందని అక్క రాసింది. దానికి చాక్లెట్లు కొన్నాను, మీకు కొనలేదు, షుగరు రిపోర్టు కూడా అక్కే పంపింది.

ఇది లంబోర్గిని ఊరు. ట్రాక్టర్లు చేసుకుని బాగుపడ్డ ఫెరూచ్చో లంబోర్గిని 1963లో ఇక్కడ కార్ల కంపెనీ పెట్టాడు. తన ఫెరారీ క్లచ్ గురించి ఎంజో ఫెరారీతో మాటామాటా వచ్చి పంతానికి పెట్టాడని చెప్పుకుంటారు. కథలో ఎంత నిజముందో గానీ, 1966లో వచ్చిన మియురా మాత్రం నిజం. సీట్ల వెనక అడ్డంగా పెట్టిన పన్నెండు సిలిండర్ల ఇంజనుతో, ఈనాటి సూపర్‌కారు రూపం చాలావరకు అక్కడే కుదిరింది. ఆ పేరుతో ట్రాక్టర్లు ఇప్పటికీ వస్తున్నాయి, వేరే కంపెనీ చేస్తుంది. లంబోర్గిని ఉందని చెప్పుకోవాలన్నదే మీ కోరికైతే, దమ్ముకి కూడా పనికొచ్చే మార్గం ఒకటి ఉంది.

నా వాదనకి పెద్ద సాక్ష్యం ఈ ఊరి ఫ్యాక్టరీయే. 2023లో లంబోర్గిని మొదటిసారి ఏడాదికి 10,000 బళ్ళు దాటింది. అందులో సగానికి పైగా ఉరుస్, అంటే ఎత్తుగా ఉండే, నలుగురూ సామానుతో ఎక్కే ఎస్‌యూవీ. ఫెరారీ కూడా 2022లో నాలుగు తలుపుల పురోసాంగ్వే తెచ్చింది. హైదరాబాదులో కనిపించే లంబోర్గినీలలో ఉరుస్‌లే ఎక్కువెందుకో స్పీడ్ బ్రేకర్లని అడిగితే చెబుతాయి. సూపర్‌కారు అంటే ఏమిటో అందరికన్నా బాగా తెలిసిన కొనుగోలుదారులే, తమ డబ్బుతో, ఆ పేరు మాకివ్వండి, ఆ ఇబ్బంది మాకొద్దు అంటున్నారు.

“పెట్టుబడిగా చూడు, ఎఫ్40 ఇప్పుడెంతో తెలుసా” అని మీ రెండో మెసేజీ. తెలుసు. ఎఫ్40లు చేసినవి మొత్తం 1,300 పైచిలుకు. ఫెరారీ ఇప్పుడు ఒక్క ఏడాదిలో అమ్ముతున్నవి 13,000 పైనే. అరుదైనది పెరుగుతుంది, మామూలు వరస మోడలు చాలా ఏళ్ళు తరుగుతూనే పోతుంది. అరుదైనవి కొనాలన్నా పాత ఖాతాదారుకే పిలుపు. దొరికినా పూర్తి హక్కు మీది కాకపోవచ్చు: అమెరికాలో కొత్త ఫోర్డ్ జీటీని రెండేళ్ళ దాకా అమ్మకూడదన్న షరతు ఉల్లంఘించాడని 2017లో ఫోర్డ్ కంపెనీ మల్లయోధుడు జాన్ సీనా మీద దావా వేసింది, తర్వాత రాజీ పడ్డారు. మొడెనా పక్కన కాంపొగల్యానోలో బుగాటి ఈబీ110 చేసిన ఫ్యాక్టరీ 1995లో దివాలా తీసింది. ఆ బళ్ళకి ఇప్పుడు మంచి ధర ఉంది, కానీ అది దశాబ్దాలు ఆగిన తర్వాత వచ్చిన ధర. అన్నాళ్ళు ఆగే ఓపికుంటే కొబ్బరితోట కొనండి, బ్యాటరీ చార్జరు అక్కర్లేదు.

పావుల్లో, బస్సు కోసం

అబెటోనే కనుమకి పోయే పాత రోడ్డు ఇది, మరనెల్లో మీదుగానే వస్తుంది. ఎంజో కాలంలో కొత్త బళ్ళని ఈ వంపుల మీదే పరీక్షించేవాళ్ళు. ఇక్కడ ఎండ కాసింది, జలుబు కూడా సగం దిగింది. అందుకని ఇప్పుడు ఎదుటి పక్షం తరఫున మాట్లాడతాను. ఇలాంటి దారిలో 60, 70 వేగంతో, స్టీరింగు చేతిలో తేలిగ్గా ఆడుతూ, ముందు చక్రం కింద రోడ్డు ఎలా ఉందో వేళ్ళకి తెలుస్తూ, వీపు వెనక ఇంజను ఉంటే కలిగే సంతోషం బూటకం కాదు. ఎఫ్40లో రేడియో లేదు, కార్పెట్టు లేదు, ఏబీఎస్ లేదు, లోపలి నుంచి తలుపు తీయడానికి ఒక తాడు. అయినా దాన్ని నడిపినవాళ్ళు మర్చిపోలేదంటే కారణం 478 హార్స్‌పవర్ ఒక్కటే కాదు, బండికీ మనిషికీ మధ్య అడ్డు ఏమీ లేకపోవడం. ఫెరారీలో చేత్తో వేసే గేర్లున్న పాత మోడళ్ళకి ఆటోమేటిక్‌వాటికన్నా ఎక్కువ ధర పలుకుతోంది. మీ 458లో ఆ గేర్లు లేనే లేవు, ప్యాడిల్స్ మాత్రమే. టర్బో లేని ఆ ఇంజను 9,000 ఆర్‌పీఎం దగ్గర చేసే అరుపు కోసమే చాలామంది కొంటారు. కానీ రెండో గేరులో ఆ అరుపు వినాలంటే 100 దాటాలి, ఈ రోడ్డు మీద పరిమితి 90. మొదటి గేరులో వినొచ్చు, రెండు సెకన్లు.

ఈ దేశం కూడా ఒకప్పుడు రోడ్ల మీదే పందెం ఆడింది. మిల్లె మిల్యా పరుగులో 1955లో స్టిర్లింగ్ మాస్ వెయ్యి మైళ్ళు పది గంటల ఏడు నిమిషాల్లో పూర్తి చేశాడు. 1957లో ఒక ఫెరారీ టైరు పేలి జనంలోకి దూసుకుపోయింది, చూడవచ్చిన తొమ్మిది మంది, బండిలోని ఇద్దరూ పోయారు. ఆ పరుగు అక్కడితో ఆగింది. రోడ్డు మీద వేగం వద్దన్న నియమాలు ఎవరో చాదస్తులు రాసినవి కావు.

మిగిలింది అందం. “బొమ్మలా చూసుకోవడానికైనా కొనకూడదా” అంటే కొనొచ్చు, ఆ మాట నాకు ఇష్టం కూడా. కాకపోతే నడిపేవాడికి తన బండి కనపడదు, డ్యాష్‌బోర్డు కనపడుతుంది. అందం అనుభవించేది ఫుట్‌పాత్ మీద నిలబడ్డ పిల్లలు. వాళ్ళ కోసం ఖర్చుపెడతానంటే అది దానధర్మాల కింద రాసుకోవాలి, అక్కతో కూడా అలాగే చెప్పాలి.

ఇంత విన్నాక కూడా డీలరుకి ఫోన్ చేస్తారని తెలుసు. అయితే అడగవలసినవి అడగండి. 2010 జూలైకి ముందు తయారైనదైతే, వెనక చక్రాల దగ్గర వేడి తగిలి జిగురుకు నిప్పంటుకునే లోపానికి కంపెనీ వెనక్కి పిలిచి చేసిన మరమ్మతు దీనికి జరిగిందా? గేర్‌బాక్సు ఎప్పుడైనా విప్పారా, బిల్లు ఏది? టైర్ల మీద తయారీ ఏడాది ఎంత? ఎన్నాళ్ళు కదలకుండా నిలబడింది? తక్కువ కిలోమీటర్లని గొప్పగా చెబితే ఈ చివరి ప్రశ్న రెండుసార్లు అడగండి. 100 ఆక్టేన్ పెట్రోలు పెద్ద నగరాల్లోనూ ఎంపిక చేసిన బంకుల్లోనే దొరుకుతుందని కూడా గుర్తుంచుకోండి. మీ రొయ్యకి ఈ వారం 30 కౌంటు ధర ఎంతో చూసుకున్నాకే అడ్వాన్సు మాట ఎత్తండి.

కొంటే మాత్రం సంక్రాంతికి తాళాలు నాకివ్వాలి. పాలకొల్లు దాకా వెళ్ళొస్తాను. కిలోమీటర్లు మీ ఖాతాలో.

మీ బావమరిది