పతకం వెనుక సంఖ్య

తపాలా బిళ్ళలు, పాత నాణేలు సేకరించే మిత్రులు మనలో అనేకులు. నా అభిరుచి కొంత వింతైనది: సోవియట్ సైనిక పతకాలు. వానిలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది 1930లో నెలకొల్పిన ‘అరుణతార’. ఎర్రని ఎనామిల్ పూసిన ఐదు కోణాల నక్షత్రం, నడుమ తుపాకి పట్టిన సిపాయి, అతని చుట్టూ ప్రపంచ కార్మికులను ఏకం కమ్మనే పిలుపు. చూడముచ్చటగా ఉంటుంది. అయినా నేను ముందుగా దానిని వెనుకకు త్రిప్పి చూస్తాను. అక్కడ చెక్కిన సంఖ్యయే దానిని ధరించినవాని ఆచూకీ.

ఆ సంఖ్య ఆధారంగా వెదకితే, మాస్కో సమీపాన పొదోల్స్క్‌లోని రక్షణశాఖ పత్రాగారంలో ఆ సైనికుని పేరు, పుట్టిన సంవత్సరం, దళం దొరకవచ్చును. పై అధికారి యుద్ధరంగాన వ్రాసిన నాలుగు వాక్యాల సాహస వృత్తాంతమూ ఉండవచ్చును.

ఈ శోధన లేనిదే పతకం మనలను భ్రమింపజేయగలదు. 1944 నాటి ఉత్తర్వు ననుసరించి, పదిహేనేళ్ళ సైనిక సేవకు కూడా ఈ అరుణతారనే ఇచ్చేవారు. 1950ల దశాబ్దం చివర ఆ పద్ధతి ఆగిపోయింది. అదే వెండి, అదే ఎరుపు! సేవకు లభించినదానిని చిన్నచూపు చూచే సేకర్తలున్నారు. నేను చూడలేను, ఆ పదిహేనేళ్ళలో చాలామందికి యుద్ధకాలమూ కలిసియున్నది కదా!

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిదప, ఒకే సైనికుని ఛాతీపై వెలిగిన పతకాలు విడివిడిగా అమ్ముడుపోయి దేశదేశాలకు చెదిరినవి. రష్యాలో ఈ క్రయవిక్రయాలు నేరమే. కోటిమందికి పైగా పంచిన ‘జర్మనీపై విజయం’ పతకానికి సంఖ్యయే లేదు. వెంట ఇచ్చిన ధ్రువపత్రం జారిపోతే, అది ఎవరిదో ఆ లోహం చెప్పలేదు.