అమ్మ కందుల వీడియో



మా ఇద్దరిలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్త అయిన పెద్దావిడ కందులకు ఎర్రమట్టి పట్టించడంలో మా ఊళ్లో పేరున్న మనిషి. మాది మార్కాపురం వైపు మెట్ట ప్రాంతం. కందులు రాత్రంతా నానబెట్టి, ఎర్రమట్టిని చిక్కగా కలిపి పట్టించి, కుప్పబోసి, మరునాటి నుండి ఎండబెట్టి, మట్టి దులిపి తిరగట్లో విసిరేది. ఆ పప్పుకు వచ్చే రుచి మిల్లు పప్పుకు రాదని తినినవారందరూ ఒప్పుకుంటారు.

2022 వేసవి సెలవులకు ఒంగోలు నుండి వచ్చిన మా అమ్మాయి ఈ పనంతా సెల్‌ఫోనులో తీసి, ఇరవై నిమిషాల వీడియోగా యూట్యూబులో పెట్టింది. అమ్మ అందులో పని తక్కువ, కబుర్లు ఎక్కువ. తాతయ్యకు కొలత తెలియక ఒకసారి మట్టి ఎంత పోశాడో చెప్పి తానే నవ్వుకుంది. 2024 సంక్రాంతి వెళ్లిన వారానికి అమ్మ ప్రభువునందు నిద్రించింది. తర్వాత ఆ వీడియోను మేము చాలాసార్లు చూశాము, నవ్వు వినటానికే.

ఆ ఏడు వానాకాలంలో హైదరాబాదు నుండి మా మేనత్త ఫోను చేసింది. "ఏరా, మేమింతమందిమి ఉన్నాము కదా, అమ్మను మీరు చూడలేకపోతే ఒక మాట చెప్పకూడదా?" అని ఏడ్చింది. మాకేమీ అర్థం కాలేదు. ఆమె పంపిన వీడియో తెరిచి చూస్తే మా అమ్మే! పైన, కన్నబిడ్డలు గెంటేసిన అవ్వ ఎండలో కూలి చేస్తోందని పెద్ద అక్షరాలు. ఇరవై నిమిషాలను నాలుగు నిమిషాలకు కోసి, మాటలు తీసేసి, వెనుక ఏడుపు సంగీతం పెట్టారు. మట్టి దులిపేటప్పుడు కంట్లో దుమ్ము పడి అమ్మ పమిటతో తుడుచుకున్న చోటును మెల్లగా నడిపించి, కన్నీళ్లని చూపించారు. నలుగురి వీడియోలు తీసుకొచ్చి ఒకచోట గుమ్మరించి ప్రకటనల డబ్బు సంపాదించేవారి పని అది.

ఆదివారం ఆరాధన అయ్యాక మేము బయటికి వస్తుంటే చెట్టుకింద స్త్రీలు మాటలు ఆపేశారు. సంఘపెద్ద ఒకాయన మాత్రం దగ్గరకు వచ్చి, "నిజమేమిటో నాకు తెలుసు నాయనా" అన్నారు. ఆ మాట ఆదరణగానే ఉంది. కానీ తెలియనివారు ఎంతమంది?

మా సంఘంలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న అబ్బాయి కూర్చుని మాకు విడమరచి చెప్పాడు. ఇందులో రెండు రకాలున్నాయట. ఒక వెబ్‌సైటువాళ్లు మన వీడియోనే, యూట్యూబు నుండే ఆడేటట్టు తమ పేజీలో తగిలించుకుని, పైన తమ అబద్ధం రాసుకున్నారు. మన బావికి ఎవరో తమ బోర్డు కట్టినట్టన్నమాట. దీనికి ఫిర్యాదు అక్కర లేదు. ఇతర సైట్లలో తగిలించుకోనివ్వాలా వద్దా అనే టిక్కు మన చేతిలోనే ఉంటుంది. అమ్మాయి అది తీసేసింది. వెంటనే అక్కడ ఆడటం ఆగిపోయింది. అయితే మాలాంటి చిన్నవారు ఈ సైటుకు వద్దు, ఆ సైటుకు సరే అని ఏరుకోవటానికి లేదు. ఉంటే అందరికీ, లేకుంటే ఎవ్వరికీ లేదు. అమ్మ పేరు, ఊరి పేరు వేసి గౌరవంగా పెట్టుకున్న ఒక రైతుల సైటులో కూడా అది ఆగిపోయింది. ఆయన ఫోను చేసి అడిగితే మేము సిగ్గుపడ్డాము.

రెండో రకం మేనత్త చూసినది. దింపుకుని, కోసి, తమదిగా మళ్లీ ఎక్కించినది. సినిమా కంపెనీలకు, పాటల కంపెనీలకు 2007 నుండి కంటెంట్ ఐడి అనే ఏర్పాటు ఉంది. వారి సొత్తు ఎవరు ఎక్కించినా యంత్రమే పోల్చి పట్టుకుంటుంది. ఆపించటమో, ఉండనిచ్చి ప్రకటనల డబ్బు తామే తీసుకోవటమో వారి ఇష్టం. మాకు అది లేదు. మేమే వెదకి, మేమే ఫారము నింపాలి.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కు కోసం ఎక్కడా రిజిస్టరు చేయించనక్కర లేదు. ఆ సంగతి తెలిసి ధైర్యం వచ్చింది గాని, ఫారము చూసి మళ్లీ జంకాము. పేరు, చిరునామా ఇవ్వాలి, అంతా నిజమని ఒప్పుకుని సంతకంగా పేరు కొట్టాలి. ఫిర్యాదు చేసినవారి పేరు అవతలివారికి తెలియవచ్చట. వారు ఎదురు చెబితే, పది పనిదినాలలో మేము కోర్టుకు వెళ్లినట్టు చూపాలి. లేకపోతే వీడియో తిరిగి వచ్చేస్తుంది. ఆ రాత్రి మా ఇద్దరి మధ్య పెద్ద వాదమే జరిగింది. పోనీలే, దేవుడు చూస్తున్నాడు కదా అని ఒకరిమి, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలికితే ఊరుకోవటం శాంతమా, పిరికితనమా అని ఒకరిమి. ఎవరు ఏ మాట అన్నామో రాయము. మా అమ్మాయికైతే డబ్బు పోయిందన్న కోపమే ఎక్కువ.

ఇంకొక బాధ ఉంది. ఆ ఫారములో, ఇది మీరు తీసిన వీడియోనా, ఎక్కడ వాడారు అని అడిగారే గాని, మీ మీద అబద్ధం చెప్పారా అని అడిగే గడి లేదు. కాపీ కొట్టడం ఒకటి, నింద వేరొకటి. చట్టంలో 57వ సెక్షను, కర్త పరువుకు భంగం కలిగేటట్టు కృతిని వికృతం చేస్తే అడిగే హక్కు ఇస్తుంది గాని, దానికి కోర్టు మెట్లెక్కాలి. మేము ఎక్కలేదు. దొంగతనం పేరు మీదనే నిందను తీయించవలసి వచ్చింది.

చివరకు ఫారము నింపి పంపాము. కొద్ది రోజులకు ఆ వీడియో తీసేశారు. అవతలివారు ఎదురు చెప్పలేదు. నెల తిరగకముందే అదే ముక్క వేరొక పేరుతో వచ్చింది. మళ్లీ రాశాము. వాట్సాప్‌లో చేతులు మారినవాటికి మాత్రం ఏ ఫారమూ పనిచేయలేదు. అవి ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో!

మేనత్తకు ఇరవై నిమిషాల అసలు వీడియో పంపాము. రెండు రోజులు జవాబు లేదు. మూడోనాడు ఫోను చేసింది. కంట్లో దుమ్ము పడిన చోట అమ్మ, "ఆపవే, కళ్లలో మట్టి పడితే అది కూడా తీస్తావా?" అని మనుమరాలిని కసిరిన మాట అందులో ఉంది. ఆవిడ దాన్ని విన్నది. తనను క్షమించమని అడగబోయి అడగలేదు.

"అది సరే గాని, ఆ మట్టి ఏ గట్టు మీదిదిరా? నాకు ఒక సంచి పంపుతావా?" అన్నది.