గోధుమగింజ రాలిన చోటు

ఎల్‌ సాల్వడార్‌... స్పానిష్‌లో 'రక్షకుడు' అని అర్థం. క్రీస్తునే దేశం పేరుగా పెట్టుకున్న ఈ బుల్లి మధ్య అమెరికా దేశానికి రాజధాని శాన్‌ సాల్వడార్‌. అక్కడికి వెళ్లే కథోలిక భక్తులు తప్పక చూసే చోటు ఓ క్యాన్సర్‌ ఆసుపత్రి!

దాని పేరు దివినా ప్రొవిదెన్సియా. మనిషి బాగోగులు చూసుకునే దేవుడి కరుణ అన్నమాట. దిక్కులేని పేద రోగుల కోసం కార్మెల్‌ సిస్టర్లు నడుపుతారు. ఆవరణలో చిన్న ప్రార్థనాలయం, ఆ దగ్గరే మూడు గదుల ఇల్లు. అగ్రపీఠాధిపతి ఆస్కార్‌ రొమేరో ఉన్నది అందులోనే. మంచం, టైపు మిషను, డైరీ చెప్పుకున్న టేపు రికార్డరు... ఇప్పుడదో మ్యూజియం. నెత్తుటి మరకల పూజావస్త్రాలు కూడా అక్కడే ఉన్నాయి. ఛాతీ దగ్గర చిన్న చిల్లు. అంతే.

1977లో ఆయన్ని ఆ పదవికి ఎంపిక చేసినప్పుడు కాఫీతోటల ఆసాములు సంతోషించారు. నెమ్మదస్తుడు, పుస్తకాల మనిషి, గొడవలకు పోడు అని. మంచి భూములన్నీ గుప్పెడు కుటుంబాల చేతుల్లో ఉన్న రోజులవి. కూలి పెంచమన్నవాడల్లా కమ్యూనిస్టే! ఆ ఏడాది మార్చి 12న రొమేరో మిత్రుడు ఫాదర్‌ రుతీలియో గ్రాందేను దారికాచి కాల్చేశారు. చెరకు కూలీల పక్షాన నిలవడమే ఆయన చేసిన నేరం. కారులో ఉన్న ముసలాయన్నీ, ఓ కుర్రాణ్నీ కూడా వదల్లేదు. ఆ మూడు శవాలను చూశాక రొమేరో మళ్లీ పాత మనిషి కాలేదు. తర్వాతి ఆదివారం తన మేత్రాసనంలో పూజలన్నీ ఆపించి, కెథెడ్రల్‌లో ఒకే ఒక్క దివ్యబలిపూజ జరిపించారు.

ఆదివారం ఆయన ప్రసంగం రేడియోలో వచ్చేది. సువార్త వివరించాక ఆ వారం హత్యకు గురైనవాళ్ల, కనిపించకుండా పోయినవాళ్ల పేర్లు చదివేవారు. రేడియో స్టేషన్‌పై బాంబులు పడ్డా మానలేదు. దేవుడు పేదల్ని మరచిపోడని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి ఇంకేముంటుంది?

1980 మార్చి 23న నేరుగా సైనికులతోనే మాట్లాడారు... చంపమనే ఆజ్ఞను పాటించక్కర్లేదని! మర్నాడు సాయంత్రం ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ. నేలలో పడి చస్తేనే ఫలించే గోధుమగింజ గురించి ప్రసంగం ముగించారో లేదో, గుమ్మం వైపు నుంచి తూటా వచ్చింది. ఒకటే.

మ్రానికొమ్మల ఆదివారం నాడు జరిగిన అంత్యక్రియల్లోనూ బాంబులు, కాల్పులు... పదుల మంది చనిపోయారు. 1992 దాకా సాగిన అంతర్యుద్ధం 75 వేల ప్రాణాలు తీసింది.

ఇప్పుడాయన సమాధి కెథెడ్రల్‌ నేలమాళిగలో ఉంది. నిద్రపోతున్నట్టున్న కంచు విగ్రహం, నాలుగు మూలలా కాపలాగా నలుగురు సువార్తికులు. 2018లో వాటికన్‌ ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. దేశపు విమానాశ్రయానికీ ఆయన పేరే. శిక్ష మాటేమిటంటారా? హత్యకు ఆదేశించింది మాజీ సైనికాధికారి రొబెర్తో దాబిసోన్‌ అని 1993లో ఐక్యరాజ్యసమితి కమిషన్‌ తేల్చింది. ఆయన అంతకు ఏడాది ముందే క్యాన్సర్‌తో పోయాడు. నివేదిక వచ్చిన కొద్దిరోజులకే ప్రభుత్వం క్షమాభిక్ష చట్టం తెచ్చింది. 2016లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేశాక కేసు మళ్లీ తెరిచారు.

నగరంలోని యూసీఏ విశ్వవిద్యాలయంలో ఓ గులాబీతోట ఉంది. 1989 నవంబరు 16న సైనికులు ఆరుగురు యేసుసభ గురువులను, వాళ్ల వంటమనిషిని, ఆమె కూతుర్ని కాల్చిన చోటది. మొక్కలు నాటింది ఆ వంటమనిషి భర్తే.