తుంగ ఉంది, కొంగే రాదు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్. కేవలాదేవ్ జాతీయ పార్కులో వాననీరు పలచబడిన చోట మోకాలెత్తు పచ్చిక కనిపిస్తుంది. దూరం నుంచి అంతా గడ్డే. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పితే తేడా తెలుస్తుంది. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగ కాడకు కణుపులుండవు, మూడు అంచులు వేళ్లకు తగులుతాయి. ఆకులూ మూడు వరుసల్లోనే. తుంగల్లో రకాలు చాలా. ఎర్రటి గోధుమరంగు కంకులుండి, తవ్వితే నల్లటి చిన్న దుంపలు వచ్చి, నలిపితే సువాసన వేస్తే అది తుంగముస్తె. హిందీలో మోథా. తెలుగు రైతు చేలో కనిపిస్తే తిట్టుకుంటూ పీకేసే కలుపు, ఆయుర్వేద దుకాణంలో కొనుక్కునే మందు.

ఈ దుంపల కోసమే సైబీరియా కొంగలు వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వచ్చేవి. (వీరాపురం, తేలినీలాపురాల్లో జనం 'సైబీరియా పక్షులు' అనే ఎర్రకాళ్ల కొంగలకూ వీటికీ సంబంధం లేదు.) జారిపోయే దుంపను పట్టడానికి వీలుగా రంపపు పళ్లలాంటి అంచులున్న ముక్కు వాటిది. 1964-65 శీతాకాలంలో సుమారు 200 వచ్చాయి. 2001-02లో ఒక్క జంట. ఆ తర్వాత ఏదీ లేదు.

దారిలో, అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్‌లలో వేటే ప్రధాన కారణమన్నది నిపుణుల మాట. కానీ భరత్‌పూర్ పల్లెలు మరో కథ చెబుతాయి. 1982లో పార్కులో పశువుల మేతను నిషేధించారు. నిరసనకు దిగిన గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. గేదెలు లేకపోవడంతో నీటిగడ్డి విపరీతంగా పెరిగి మడుగులను కమ్మేసింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, గేదెల మేత చిత్తడికి మేలే చేసేదని తేల్చింది. తాము వట్టివేళ్లు తవ్వినప్పుడు నేల గుల్లబారి కొంగలకు దుంపలు సులువుగా అందేవన్నది గ్రామస్థుల వాదన. వేటగాళ్ల నేరాన్ని అది చెరిపేయకపోవచ్చు. అయినా నిషేధం రాసేముందు వాళ్లనెవరైనా అడిగి ఉండాల్సింది.

నీటి తగవు వేరే ఉంది. గంభీర్ నదిపై పాంచనా ఆనకట్ట వచ్చాక 18వ శతాబ్దపు అజాన్ బంధ్‌కు చేరే వరద తగ్గింది. గోవర్ధన్ కాలువ నుంచి నీరు తేవాల్సి వచ్చింది.

నీరు నిలిచిన ఏడు తుంగ మళ్లీ మొలుస్తుంది. బురదలో ముక్కు గుచ్చి దుంపలు వెతుక్కునే సారస్ జంటలను రిక్షావాలాలు పర్యాటకులకు చూపిస్తారు.