నానమ్మ మాటకు బడిలో ఒక పేరు

మా ఊరి సాయంకాల బడిలో తెలుగు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. చిన్న తరగతుల పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు. అక్షరాలు ఇష్టంగా దిద్దుతారు, ఉగాదికి పాటలు పాడతారు. చిక్కంతా గ్రేడ్ 7, 8 లోనే. ఇంగ్లీషు, ఫ్రెంచి, లెక్కలు, సైన్సు అన్నీ ఒక్కసారిగా బరువెక్కుతాయి. తెలుగేమో ఇష్టమైతే తీసుకునే సబ్జెక్టు. సరిగ్గా అప్పుడే అలంకారం, మకుటం, జాతీయం అనే మాటలు ఎదురవుతాయి. ఇంట్లో క్రియోల్ మాట్లాడే పన్నెండేళ్ళ పిల్లకు ఉపమాలంకార నిర్వచనం బోర్డు మీద రాసి ఇస్తే కంఠస్థం చేస్తుంది, పరీక్ష రాస్తుంది, మరుసటి ఏడు బడి మానేస్తుంది.

అందుకని నా తరగతిలో నిర్వచనం చివర వస్తుంది. పిల్లల నోట్లో ఇప్పటికే ఉన్నది ముందు వస్తుంది.

మొదటి పాఠం పొడుపుకథ. మన మారిషస్‌లో పుట్టిన ఏ పిల్లకైనా సిరాందాన్‌లు తెలుసు. ఒకరు ‘సిరాందాన్’ అంటారు, మిగతావాళ్ళు ‘సాంపెక్’ అని బదులిస్తారు. నిలబడి ఉన్న నీళ్ళు ఏవి? చెరకు. వేలాడే నీళ్ళు ఏవి? కొబ్బరికాయ. తరగతి అంతా ఒకేసారి అరుస్తుంది. అప్పుడు చెబుతాను: వస్తువు పేరు దాచి, దాని గుర్తులు మాత్రమే చెప్పి కనుక్కోమనడాన్ని తెలుగులో పొడుపుకథ అంటారు; చెప్పేవాళ్ళు పొడుస్తారు, వినేవాళ్ళు విప్పుతారు. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది? ఈ కాలం పిల్లలకు చప్పున తట్టదు. జవాబు ఉత్తరం. కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవాళ్ళకు తొంభై ఆమడలు ఒక లెక్కా? అంతకు ఎన్నో రెట్ల దూరం నుంచి వచ్చే ఒక్క కాగితం కోసం ఎదురుచూసిన ఇళ్ళు మనవి. ఆ మాట చెప్పాక పొడుపుకథ అంటే ఏమిటని మళ్ళీ ఎవరూ అడగరు.

తరువాత ఉపమ. ఇంట్లో పెద్దవాళ్ళు అన్న పోలిక ఒకటి రాసుకురమ్మన్నాను. ఒక అమ్మాయి తన నానమ్మ మాట తెచ్చింది: ‘మీ తాత చేతులు చెరకాకుల్లా గరుకు.’ బోర్డు మీద రాసి విడదీశాం. దేన్ని గురించి చెబుతున్నామో అది ఉపమేయం: తాత చేతులు. దేనితో పోల్చామో అది ఉపమానం: చెరకాకులు. రెండింటిలోనూ ఉన్న గుణం సమానధర్మం: గరుకుదనం. పోలికను తెలిపే మాట ఉపమావాచకం: ‘లా’. పుస్తకం చెప్పే నాలుగు భాగాలూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ‘లా’ తీసేసి రెండూ ఒకటే అన్నట్టు చెబితే రూపకం అవుతుందన్నాను. వెనక బెంచీ అబ్బాయి వెంటనే రాశాడు: ‘మా నానమ్మే మా ఇంటి తెలుగు పుస్తకం.’

ఆ వారం చివర ఆ అమ్మాయి నానమ్మ బడికి వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి, ‘మాది తోటలో పనిచేసినోళ్ళ తెలుగు మేష్టారూ, పుస్తకాల తెలుగు కాదు. పిల్లకు తప్పులు అంటుకుంటాయని దాని దగ్గర మాట్లాడటమే మానేశాను’ అన్నారు. మనుమరాలు నోటు పుస్తకం తెరిచి, ఆ వాక్యాన్నీ దాని నాలుగు భాగాలనూ చదివి వినిపించింది. ఆవిడ రెండోసారి చదివించుకున్నారు. ‘ఇది బళ్ళో చెప్పేదేనా?’ అని అడిగారు. ఔనన్నాను.

మన ఇళ్ళలో తెలుగు తగ్గిపోవడానికి క్రియోల్ ఒక్కటే కారణం కాదనీ, తమ తెలుగు మంచిది కాదన్న సిగ్గుతో నోరు మూసుకున్న పెద్దలు కూడా చాలామంది ఉన్నారనీ ఆ రోజు నుంచి గట్టిగా అనుకుంటున్నాను. ఆ సిగ్గు పోవాలంటే వాళ్ళ మాటకు బడిలో ఒక పేరు ఉందని తెలియాలి.

మకుటం దగ్గర పిల్లలు నవ్వుతారు. మకుటం అంటే కిరీటం కదా, పద్యం తల మీద కాక తోక దగ్గర ఎందుకుందని అడుగుతారు. శతకంలో ప్రతి పద్యం చివరా అదే మాట వస్తుంది, ఆ మాటే పద్యాన్ని ఫలానా శతకానిదని గుర్తుపట్టిస్తుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. అంతకు ముందు అవి జనం నోళ్ళలోనూ, చేతిరాత ప్రతులలోనూ బతికాయి. వేమన పేరు పోకుండా కాపాడింది మకుటమే. మన ముత్తాతల సంగతి వేరు. వలస కాగితాల మీద వాళ్ళ పేరు పక్కన ఒక నంబరు ఉండేది. మహాత్మా గాంధీ సంస్థలో ఉన్న ఆ పాత రికార్డులలో తమ ఇంటి నంబరు చూసుకున్న పిల్లలకు, పేరును పద్యంలో పెట్టి దాచుకోవడం ఎంత పెద్ద పనో విడమరిచి చెప్పనక్కరలేదు.

సామెతకూ జాతీయానికీ తేడా కూడా ఇంటి మాటలతోనే తేలుతుంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ పూర్తి వాక్యం, అందులో ఒక నీతి ఉంది, అది సామెత. ‘కాళ్ళకు బుద్ధి చెప్పడం’ వాక్యంలో ఒక ముక్క, దాని అర్థం పారిపోవడం, అది జాతీయం. దాన్ని మాటకు మాట క్రియోల్‌లోకి మార్చి చూడమంటాను. అర్థం కుదరక తరగతి గొల్లుమంటుంది. ఆ కుదరకపోవడమే జాతీయానికి గుర్తు.

మా కమిటీలో ఒక పెద్దాయనకు ఈ పద్ధతి నచ్చలేదు. ఇంటి మాటలతో పరీక్ష గట్టెక్కుతారా అన్నారు. ఆయన అడగడం న్యాయమే. నిర్వచనాలు నేనూ రాయిస్తాను, అప్పజెప్పించుకుంటాను. కాకపోతే దేనికి ఆ పేరు పెట్టారో ముందే తెలిసిన పిల్లకు ఆ పేరు బరువు కాదు.

ఇది చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వారం మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని రెండు పోలికలు, ఒక సామెత, ఒక పొడుపుకథ అడగండి. తెలుగు లిపి రాకపోతే మీకు వచ్చిన అక్షరాలలోనే రాసుకోండి, పిల్లల చేత బడికి పంపండి. వాటికి పేర్లు మేము చెబుతాం. ఆ మాటలు చెప్పగలిగినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఏటేటా తగ్గిపోతున్నారు. ఉన్నప్పుడే అడుగుదాం.