పింగ్ వచ్చినంత మాత్రాన డిస్క్ వచ్చినట్టు కాదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను హాస్టల్లో ఉండి కంప్యూటర్స్‌తో డిగ్రీ చదువుతున్నాను. వయసు 20. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. "సర్వర్ల ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారు?" అని ఒక తమ్ముడు అడిగాడు. అందులో ఒక్క విషయం రాస్తాను. సర్వర్‌కి దాని డిస్కులు నిజంగా అందుతున్నాయో లేదో ఎలా చూసుకోవాలి అన్నది.

పెద్ద సర్వర్ల డేటా చాలాసార్లు వాటి డబ్బాలోనే ఉండదు. డిస్కులన్నీ వేరే పెట్టెలో ఉంటాయి, మధ్యలో నెట్‌వర్క్ వైరు. సర్వర్ మాత్రం అవి తన సొంత డిస్కులే అనుకుంటుంది. ఇలా చేసే పద్ధతుల్లో ఒకటి ఐస్కజీ. 2004లో ప్రమాణంగా వచ్చింది. డిస్క్ ఇచ్చేవాడు టార్గెట్, అడిగేవాడు ఇనిషియేటర్. నేర్చుకోడానికి లక్షల సామాను అక్కర్లేదు. ల్యాబ్‌లో ఒకే కంప్యూటర్ మీద రెండు లైనక్స్ వర్చువల్ మెషీన్లు పెట్టుకుంటే చాలు.

ఇక చూసే వరుస. మొదట పింగ్. అది వస్తే దారి ఉందని తెలుస్తుంది, అంతే. మన ఊళ్లకి రోడ్డు పడినంత మాత్రాన బస్సు రాదు కదా! రెండోది 3260 నంబరు పోర్టు. అది తెరిచి ఉందో లేదో ఎన్‌సీ కమాండుతో చూడాలి. మూడోది డిస్కవరీ, అంటే "నీ దగ్గర ఏ టార్గెట్లు ఉన్నాయి?" అని అడగడం. నాలుగోది లాగిన్. మన ఇనిషియేటర్ పేరు అవతలి జాబితాలో ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి పంపేస్తుంది. కుల ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ఎంత తిరగాలో మనకి తెలిసిందే, ఇదీ అంతే.

లాగిన్ అయినా పని అయిపోలేదు. డిస్క్‌ని మన సర్వర్ పేరు మీద కేటాయించాలి. దాన్ని లన్ మ్యాపింగ్ అంటారు. అది లేకపోతే లాగిన్ అవుతుంది, డిస్క్ మాత్రం కనపడదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండు కొట్టి కళ్లతో చూడాలి. రెండు దారులు ఉన్నచోట మల్టీపాత్ కమాండుతో రెండూ బతికే ఉన్నాయా అని చూడాలి. ఒకటి పోయినా పని నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, రెండోది పోయిన రోజు అంతా ఆగిపోతుంది. ఇంకో ముఖ్యమైన మాట: డేటా ఉన్న డిస్క్ మీద పరీక్ష కోసం ఏమీ రాయకూడదు, చదివి మాత్రమే చూడాలి.

మా ల్యాబ్‌లో సార్ ఒకసారి ఎక్కడో ఒకచోట తెంపేసి, డిస్క్ ఎందుకు రావట్లేదో చెప్పమన్నారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు "పింగ్ వస్తోంది సార్, డిస్కే పాడై ఉంటుంది" అనేశారు. నేను నోటుబుక్కులో రాసుకున్న వరుసలో ఒక్కోటి చూసుకుంటూ పోయాను. లాగిన్ దాకా అన్నీ బాగున్నాయి. తీసేసింది లన్ మ్యాపింగ్. పావుగంట పట్టింది గానీ దొరికింది. ఇంట్లో కంప్యూటర్ లేకపోవడం ఆ రోజు నాకు అడ్డం రాలేదు.

మా నాయనమ్మకి కూడా సర్వర్ అనే మాట తెలుసు. రేషన్ కోసం నడిచి వెళ్లి వేలు పెడితే "సర్వర్ రాలేదు, రేపు రా" అనేవారు. సర్వర్ అంటే డ్యూటీకి రాని ఆఫీసరు అనుకునేది పాపం. ఇప్పుడు నాకు అర్థమైంది, సర్వర్ రాలేదు అన్నది ఒక్క కారణం కాదు. ఊళ్లో సిగ్నల్ లేకపోవచ్చు, మిషను పాడై ఉండొచ్చు, అవతల సర్వర్‌కి డిస్కే అందకపోవచ్చు. ఏ మెట్టు దగ్గర ఆగిందో అడగగలిగినవాడు మన ఇళ్లలో ఒక్కడైనా ఉంటే, ముసలివాళ్లు ఊరికే తిరగాల్సిన పని కొంతైనా తగ్గుతుంది.

లైనక్స్ మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే కింద రాయండి. నా నోటుబుక్కులో ఉన్న వరుస ఫొటో తీసి పెడతాను. ఆదివారం ఖాళీగా ఉంటాను, డౌట్లు అడగండి.