మేతకు వెళ్ళినవన్నీ మేసినట్లు కాదు

ఇరవై ఏళ్ళకు పైగా మద్రసాలో ఫిఖహ్ బోధిస్తున్నాను. ఏటా జకాత్ అధ్యాయం వస్తుంది, ఏటా అదే వరుసలో చెప్పి ముగిస్తాను. 2019లో మాత్రం ఆ అధ్యాయంలోని ఒక్క మాట దగ్గర నా పాఠం ఆగిపోయింది. ఆపినవాడు పదమూడేళ్ళ విద్యార్థి.

ఆనాడు ఇమామ్ ఖుదూరీ (రహ్మతుల్లాహి అలైహి) గ్రంథంలో పశువుల జకాత్ చదువుతున్నాం. వెయ్యేళ్ళనాటి ఆ బగ్దాదు పండితుని గ్రంథమే హనఫీ మద్రసాలలో నేటికీ పాఠ్యం. అందులో పశువులను రెండు తరగతులుగా విభజించారు. ఏడాదిలో ఎక్కువ కాలం బయటి బీళ్ళలో మేతతోనే సరిపుచ్చుకొనేవి ‘సాయిమా’. సగం ఏడాది గానీ అంతకు మించి గానీ యజమాని మేత వేసి పోషించేవి ‘అలూఫా’. మొదటి తరగతికి పశువుల జకాత్ ఉంది. గొర్రెలు, మేకలు 40 ఉంటే ఒకటి. ఆవులు, గేదెలు 30 ఉంటే ఏడాది నిండిన దూడ ఒకటి. రెండవ తరగతికి ఈ లెక్క లేదు. మేత ఖర్చును యజమాని భరిస్తున్నాడు గనుక షరీఅత్ అతనికి సడలింపు ఇచ్చింది. వ్యాపారానికి కొన్న పశువులైతే వాటి విలువపై ఇచ్చే జకాత్ వేరు.

ఇంతవరకు చెప్పి పుట తిప్పబోతుండగా వెనుక వరుసలోని అబ్బాయి లేచి నిలబడ్డాడు. దర్శి వైపు మెట్ట గ్రామం వాడిది. తండ్రి గొర్రెల కాపరి.

“హజ్రత్, మా గొర్రెలు పన్నెండు నెలలూ బయటికే పోతాయి. కానీ మిరప కోతలు అయిపోయాక బీట్లో ఏమీ ఉండదు. ఇంటి దగ్గర మా నాయన వేసేదీ ఏమీ ఉండదు. అవి సాయిమానా, అలూఫానా?”

తోటి పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గ్రంథంలో ‘సరిపుచ్చుకొనేవి’ అన్న మాట ఉంది. మేతకు వెళ్ళేవి అని లేదు. మేత సరిపోయేవి అని ఉంది. ఇన్నేళ్ళు ఆ మాటను నోటితో చదివానే తప్ప దాని బరువు నాకు తెలియలేదు. తెలిసే సందర్భం అంతకు కొన్ని నెలల ముందు నా ఇంటిలోనే వచ్చింది. అప్పటికి దానిని ఎవరితోనూ చెప్పుకోలేదు.

నా భార్య కుట్టుపని చేసి, మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళి, నాలుగైదేళ్ళలో కొంత సొమ్ము కూడబెట్టింది. ఆ సొమ్ముతో ఎనిమిది ఆడ గొర్రెలు కొన్నది. ఊరిలో తరతరాలుగా మందలు కాస్తున్న ఒక పెద్దాయనకు వాటిని పాలుకు ఇచ్చాం. ఆయనను నేను బాబాయి అంటాను, ఆయన నన్ను మౌల్వీగారూ అంటాడు. కాపు ఆయనది, గొర్రెలు మావి, పుట్టిన పిల్లలు చెరిసగం.

2018లో వానలు ముఖం చాటేశాయి. 2019 ఫిబ్రవరిలో బాబాయి మా గుమ్మం దగ్గరకు వచ్చి, “మౌల్వీగారూ, ఈ ఏడు బీడు నిలవదు. సాయంత్రం పూట గుప్పెడు చెక్క పడకపోతే చూడి గొర్రెలు ఆగవు. గొర్రెలున్నవాళ్ళం తలా ఒకటి రెండు బస్తాలు వేసుకుందాం” అన్నాడు.

నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. “బయట తిరిగి మేసే జీవాలకు కొన్న మేత ఎందుకు బాబాయ్? భూమిపై సంచరించే ప్రతి ప్రాణికీ ఉపాధి నిచ్చే బాధ్యత అల్లాహ్‌ది కాదా?” అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా కర్ర భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. నేను చెప్పింది దివ్య ఖుర్ఆన్ బోధనే. కానీ దానిని వాడింది రెండు బస్తాల చెక్క ఖర్చు తప్పించుకోవడానికి. సత్యవాక్యాన్ని పిసినారితనానికి ముసుగు చేయడం కన్నా పెద్ద తప్పు ఒక బోధకుడికి ఏముంటుంది?

మా ప్రాంతం ఎరిగిన పాఠకులకు బీళ్ళ స్థితి వేరే చెప్పనక్కరలేదు. నా చిన్ననాడు ఈ నల్లరేగడి చేలలో జొన్న, వరిగ, సజ్జ, కంది విరివిగా పండేవి. గింజ మనిషికి, చొప్ప పశువుకు. ప్రతి దొడ్డిలో చొప్పవామి ఉండేది. మాగాణి వైపు వరి కోయక ముందే పిల్లిపెసర, జనుము చల్లేవారు. తరువాత పొగాకు, పత్తి, మిరప ఆ చేలను ఆక్రమించాయి. పత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలోకి పోతాయి గాని పశువు నోటికి రావు. పత్తి తీత ముగిశాక ఆకూ పచ్చికాయా కొన్నాళ్ళు గొర్రెలకు దొరుకుతాయి. అయితే మందు కొట్టి ఎన్నాళ్ళయిందో విచారించకుండా మందను దింపితే ప్రాణాల మీదికి వస్తుంది. ఊరి పోరంబోకులో గడ్డి పోయి సర్కారు తుమ్మ కమ్ముకుంది. మిరప చేను వేసే రైతు గొర్రెల ఎరువు కోసం కాపరికి డబ్బిచ్చి మరీ రాత్రిళ్ళు మంద నిలుపుకుంటాడు. ఆ చేనుకు గొర్రె కావాలి, గొర్రెకు మాత్రం ఆ చేను ఏమీ ఇవ్వదు.

ఆ ఏడు మే నెలలో రమజాన్ వచ్చింది. మద్రసాకు సెలవులు. ఒకనాడు అసర్ నమాజు తరువాత మందను చూసి రావడానికి వెళ్ళాను. మా గొర్రెలను నేను గుర్తుపట్టలేదు, బాబాయి వేలు పెట్టి చూపాడు. డొక్కలు లోపలికి పోయాయి, వెన్నెముక చేతికి గుచ్చుకుంటోంది. రెండు గొర్రెలు నెలలు నిండకముందే ఈసుకుపోయాయని, ఒకటి చచ్చిన పిల్లను ఈనిందని చెప్పాడు. ఉపవాసంతో నా నాలుక ఎండిపోయి ఉంది. నా ఆకలికి సూర్యాస్తమయంతో ముగింపు ఉన్నది. ఇంటి దగ్గర ఖర్జూరం, గంజి సిద్ధంగా ఉంటాయి. వాటి ఆకలికి ఏ అజాన్ తో ముగింపు?

అపరాధభావం మనిషిని తొందరపెడుతుంది. మరునాడే ఒక బస్తా జొన్నలు కొని, బాబాయి నీళ్ళకని వెళ్ళిన సమయంలో గొర్రెల ముందు కుమ్మరించాను. అవి ఆవురావురుమని తిన్నాయి. నా గుండె చల్లబడింది. తెల్లవారేసరికి రెండు పొట్ట ఉబ్బి పడిపోయాయి, మధ్యాహ్నానికి చనిపోయాయి. ఇంకొకటి మూడవనాడు పోయింది. ఫిబ్రవరిలో ఇవ్వక కొన్ని పిల్లలను, మేలో ఒక్కసారిగా ఇచ్చి మూడు తల్లులను పోగొట్టాను.

నా భార్య కోపగించలేదు. “నా డబ్బు పోయినందుకు కాదండీ. వాటికే నోరుంటే రేపు అల్లాహ్ ఎదుట మీ పేరే చెబుతాయి, అదే నా భయం” అన్నది.

చనిపోయినవాటిని చూడ వచ్చిన పశువైద్యుడు చెట్టు కింద కూర్చుని ఓపికగా వివరించారు. గొర్రె, ఆవు, గేదె వంటి నెమరువేసే జీవుల పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిని అరిగించేది అవే. వాటికి మాంసకృత్తులు కావాలి. మేతలో మాంసకృత్తులు నూటికి ఇంచుమించు ఏడు పాళ్ళయినా లేకపోతే వాటి పని మందగిస్తుంది. వేసవిలో ఎండిన గడ్డిలో, వరిగడ్డిలో ఉండేది మూడు నాలుగు పాళ్ళే. అందువల్ల కడుపు నిండినా గడ్డి అరగదు, అరగనందున పశువు మరింత తినలేదు. ఎండుగడ్డి మధ్యలో నిలబడి కూడా చిక్కిపోతుంది. అప్పుడు గుప్పెడు చెక్క పడితే ఆ సూక్ష్మజీవులు కోలుకుని గడ్డినే బలంగా మారుస్తాయి. చెక్క గడ్డికి బదులు కాదు, గడ్డికి తోడు. ఇక గింజల సంగతి వేరు. అలవాటు లేని పొట్టలో ఒక్కసారిగా గింజ పడితే అది పులిసి ఆమ్లమవుతుంది, పశువును చంపుతుంది. ఏ కొత్త దాణా అయినా చిటికెడుతో మొదలుపెట్టి పది పన్నెండు రోజుల్లో పెంచుకుంటూ పోవాలి.

ఆయనే ఇంకొక విశేషం చెప్పారు. పందొమ్మిదవ శతాబ్దంలో మొదలై 1960ల తొలినాళ్ళ వరకు మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. ఆ దేశంలో వాటిని ‘నెలోర్’ అంటారు, మన నెల్లూరు పేరే. ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరుతో ప్రసిద్ధి చెందిన ఆబోతు సంతతి నేడు అక్కడ విస్తారంగా ఉంది. బ్రెజిల్‌లో 20 కోట్లకు మించిన పశువులు ఉన్నాయి, మాంసం కోసం పెంచేవాటిలో అధికభాగంలో ఒంగోలు రక్తమే ప్రవహిస్తోంది. అవి ఏడాది పొడవునా విశాలమైన గడ్డి మైదానాలలో మేస్తాయి. అంత గడ్డి ఉన్నచోట కూడా ఎండాకాలంలో తొట్లలో ఖనిజ లవణాలు, మాంసకృత్తులు కలిపిన దాణా పెడతారు. ఇది విన్నప్పుడు నా మాట నాకే గుర్తుకు వచ్చింది: బయట మేసే జీవాలకు కొన్న మేత ఎందుకు?

ఆ రాత్రి లెక్క వేశాను. ఎనిమిది గొర్రెలకు రోజుకు 150 గ్రాముల చొప్పున తొంభై రోజులకు 108 కిలోల చెక్క. రెండు బస్తాలకు కాస్త ఎక్కువ. బాబాయి అడిగిందీ అంతే.

మరుసటి ఏటి నుండి మా పద్ధతి మారింది. కంది, శనగ, మినుము నూర్చిన చోట పొట్టు వృథాగా పోనీయకుండా గోతాలకెత్తి దాస్తాం. పత్తి చెక్క గానీ వేరుశనగ చెక్క గానీ తవుడుతో కలిపి, మంద ఇల్లు చేరిన తరువాత సాయంత్రం పూట పెడతారు. పొద్దుటే పెడితే బీట్లో మేయవు. బూజు పట్టిన వేరుశనగ చెక్క విషం, దానిని తాకనివ్వం. పత్తి చెక్క లేత పిల్లలకు పెట్టం. గొర్రె చూలు అయిదు నెలలు. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది చివరి ఆరు వారాల్లోనే గనుక ఆ దశలో ఉన్నవాటికి కొంచెం అధికంగా పెడతాం. నల్లతుమ్మ కాయలు, అవిసె రొట్ట మా పిల్లలు కోసుకొస్తారు. దొడ్డిలో ఉప్పు ఇటుక వేలాడుతుంది. ఇంటి గేదెకు కుడితి తొట్టి ఎలాగూ ఉంది. దానికి తోడు 100 కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి, 21 రోజులు మాగవేస్తాం. కొలత తప్పితే అదే విషమవుతుంది. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. ఈ పనులన్నింటిలో మా ఇంట్లో నాకంటే నా భార్యదే పెత్తనం, అది న్యాయమే.

తరువాత గ్రంథాలను మరల తిరగేశాను. పశుపోషణ విషయంలో మన హనఫీ పండితులు ఒక చర్చ చేశారు. యజమాని తన పశువుకు మేత పెట్టకపోతే న్యాయమూర్తి అతనిని బలవంతం చేయవచ్చునా? ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం చేయలేడు. కారణం, దావా వేయడానికి వాది ఉండాలి. పశువు వాది కాజాలదు. కానీ అతనికీ అల్లాహ్‌కూ మధ్య అది విధియే, ఎగ్గొడితే పాపి. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) మాత్రం న్యాయమూర్తి బలవంతం చేయాలన్నారు. మొదటి అభిప్రాయం చదివినప్పుడు ఒకప్పుడు తేలికగా అనిపించేది. ఇప్పుడదే ఎక్కువ భయపెడుతోంది. ఇక్కడ దావా లేదంటే, అది అక్కడికి వాయిదా పడిందన్నమాట.

పిల్లిని బంధించి శిక్షకు గురైన స్త్రీ ఉదంతం హదీసులో మనమందరం విన్నదే. ఆమె దానికి తిండీ పెట్టలేదు, నేలపై దొరికేది తినడానికి వదలనూ లేదు. రెండు మార్గాలుండగా రెండూ మూసింది. నేను వదిలాను కదా అని నన్ను నేను సమర్థించుకోవచ్చు. ఏమీ లేని బీట్లోకి వదలడం వదలడమే అవుతుందా? ఆకలితో, అలసటతో ఉన్న ఒంటె కన్నీరు పెట్టగా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దాని యజమానిని పిలిపించి మందలించారు. ఆ ఒంటె యజమాని చెడ్డవాడని ఆ ఉల్లేఖనంలో లేదు. అది తనకు అప్పగించబడినదని మరిచాడు, అంతే.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) రక్షిత బీడుకు కాపరిని నియమించినప్పుడు, కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్నవారిని లోపలికి రానివ్వమని, సంపన్నుల మందలను ఆపమని ఆదేశించారు. సంపన్నుల పశువులు పోతే వారికి తోటలూ పొలాలూ ఉన్నాయి. పేదవాడి పశువులు పోతే బిడ్డలను వెంటబెట్టుకుని తన వద్దకే వస్తాడు, అప్పుడు వెండి బంగారాలు ఇవ్వడం కంటే ఇప్పుడు గడ్డి ఇవ్వడం తనకు సులభం అన్నది ఆయన వివేకం. మా బాబాయి ఫిబ్రవరిలో చెప్పిందీ ఇదే. ఆయన చదువుకోలేదు, నేను చదువుకున్నాను.

ఆ అబ్బాయికి జవాబు బాకీ పడింది. మరునాడు తరగతిలో చెప్పాను: “నాయనా, జకాత్ లెక్క తరువాత చూద్దాం. ముందు మీ నాయన ఆ నెలల్లో మేత వేయాలి. అప్పుడు అవి సాయిమాయో అలూఫాయో గ్రంథం చెబుతుంది. ఆకలితో ఉన్నవాటికి గ్రంథంలో మూడవ పేరు లేదు. ఎందుకంటే ముస్లిం ఇంట అలాంటి తరగతి ఉండకూడదు.” అప్పుడే నా గొర్రెల సంగతి కూడా పిల్లలకు దాచకుండా చెప్పాను.

ఇప్పుడు ఏటా ఆ పాఠం మొదలుపెట్టేముందు ఇళ్ళలో పశువులున్న పిల్లలను చేతులెత్తమంటాను. నిన్న సాయంత్రం అవి ఏం తిన్నాయని అడుగుతాను. తెలియదన్నవాడిని ఇంటికి వెళ్ళినప్పుడు చూసి రమ్మంటాను. పాఠకులైన సోదర సోదరీమణులకు కూడా నా మనవి అదే. బక్రీద్‌కు పెంచే పొట్టేలైనా, పాలిచ్చే గేదె అయినా, పాలుకు ఇచ్చిన గొర్రె అయినా, అది మేతకు వెళ్ళిందని తృప్తిపడకండి. తిరిగి వచ్చాక దాని డొక్క మీద ఒకసారి చేయి వేసి చూడండి.

నోరులేని జీవుల విషయంలో మనలను జవాబు చెప్పుకోగలవారిగా అల్లాహ్ ఉంచుగాక. ఆమీన్.